రాతిస్తంభం ముందు విస్తరి

మా మేనత్త పోయిందని మొన్న ఉరవకొండ నుంచి కార్డు వచ్చింది. కళ్ళంలో కూలివాళ్ళకు సంగటి పెట్టి, తానూ తిని, కాసేపు నడుం వాల్చిన మనిషి మళ్ళీ లేవలేదట. చదివి బాగా ఏడ్చాను. ఆ తర్వాత పార్కు సంగతి గుర్తొచ్చి నవ్వు ఆపుకోలేకపోయాను.

అత్తను ఎరిగినవాళ్ళు నన్ను తప్పుపట్టరు. ఆమె పలకరింపే తిట్టు. "ఏమే, మొగం పీక్కపోయింది, తినలేదా?" అంటూ కొంగులోంచి వేయించిన చెనిక్కాయలు దోసిట్లో పోసేది. "ఆకలని అడిగేదాకా కూసుంటే మనమేం మనుసులమే?" అనేది.

అలాంటి మనిషికి ఒక్కడి విషయంలో మాత్రం దిగులు. తన చేతుల్లో పెరిగిన తమ్ముడు, మా చిన్నాయన, పటాలంలో చేరి బర్మా యుద్ధంలో చనిపోయాడు. శవం రాలేదు, తంతి వచ్చింది. ఏటా పెద్దల అమావాస్యకు అత్త అలసంద వడలు చేసి మిద్దెమీద విస్తరి పెట్టేది. కాకి ముడితే పోయినవాడు తిన్నట్టే. పన్నెండేళ్ళు ఒక్క కాకీ ముట్టలేదు. "వాడు నా మింద అలిగినాడు" అని ఆ పూట తానూ పస్తే. పక్కనే కాపలా కూర్చుంటే కాకి ఎట్లా వస్తుందని మా నాయన ఎగతాళి చేసేవాడు.

నేను బెంగళూరుకు కాపురానికి వెళ్ళిన ఏడు, యాభై ఏడో ఎనిమిదో, ఇక్కడి పార్కులో యుద్ధంలో పోయినవాళ్ళకు కట్టిన స్తంభం ఉందని జాబు రాశాను. అమావాస్యకు వడల మూటతో దిగింది.

స్తంభం మీది రాత చదివాక గానీ నా పొరపాటు తెలియలేదు. "అత్తా, ఇది చిన్నాయన పోయిన యుద్ధం కాదు. అంతకు ముందుది."

అత్త ఆ రాతిని పైనుంచి కిందిదాకా చూసింది. "అయితే ఈల్లంతా వానికంటే పెద్దోల్లు. పిల్లోన్ని పిలిచి పక్కన కూసోబెట్టుకుంటార్లే."

విస్తరి పరిచి వడలు పెట్టిందో లేదో, వాచ్‌మన్ కన్నడంలో కేకలేస్తూ వచ్చాడు. అత్త కొంగు బిగించింది. "సచ్చినోల్లకు రాయి పెడితిరి, సరే. కూడెవురు పెడతారప్పా?" తీసెయ్యమని అతడు, తియ్యనని ఈమె. ఇద్దరూ చెట్టుకిందికి జరిగి మరీ పోట్లాడారు. అత్త విస్తరికి వీపు తిప్పి నిలబడడం అంతకు ముందు నేనెన్నడూ చూడలేదు.

ఉన్నట్టుండి అతడే నోరు మూసి చెయ్యి చూపించాడు. విస్తరి అంచున కాకి.

అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాకి ఒక వడ కరుచుకుని స్తంభం మీదికి ఎగిరింది. వాచ్‌మన్ తలమీది టోపీ తీసేశాడు. కన్నడంవాళ్ళూ ఆనాడే పెద్దలకు పెట్టుకుంటారు.

"సూడే అమ్మీ, ఇంత దూరం రప్పించినాడు దొంగోడు!" అంటూ ఏడుస్తూ నవ్వుతూ అత్త గడ్డిలో చతికిలబడింది. అతనికీ నాకూ చెరి రెండు వడలు పెట్టి, తాను మూడు తీసుకుంది. పన్నెండేళ్ళుగా ఆ పూట మెతుకు ముట్టని మనిషి, నోటినిండా వడ పెట్టుకుని, స్తంభం కొసవైపు తలెత్తి అరిచింది.

"మెల్లగా తినరా నాయనా, ఇంకా ఉండాయి!"