మూడు ఖాళీ గళ్లు

ఆ ఐసీయూలో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్లు లేరు. రెండుగంటలమ్మ అనేవారు. రెండు గంటలకోసారి మంచం మంచానికీ వచ్చి, కదల్లేని రోగుల్ని ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిప్పడం ఆమె పని. ఆయమ్మ ఉద్యోగం. పద్దెనిమిదేళ్ల సర్వీసు, ఏడాదికోసారి పొడిగించే కాంట్రాక్టు. నోరు మాత్రం పర్మనెంటు.

"ఏం బాబాయ్, పొద్దుట్నుంచీ ఆ గోడకేసే చూస్తున్నావ్, అక్కడేముందని? ఇటు తిరుగు," అంటూ స్పృహలో లేని మనిషితో కూడా పోట్లాడేది. తిప్పాక నడుము కింద, మడమల దగ్గర వెతికేది. ఎర్రటి మచ్చ కనిపిస్తే బొటనవేలితో నొక్కేది. తెల్లబడి మళ్లీ ఎర్రబడితే ఫరవాలేదు. నొక్కినా ఎరుపు చెక్కుచెదరకపోతే లోపల చావడం మొదలైనట్టే. వదిలేస్తే పుండు, ఆ తర్వాత ఎముక.

ఈ విద్య ఆమెకు ఏ పుస్తకమూ నేర్పలేదు. చిన్నప్పుడు వాళ్ల అన్నయ్య మెట్ల మీంచి పడి నెలన్నర ఆస్పత్రిలో వెల్లకిలా పడుకున్నాడు. కదపొద్దన్నారు కదా అని ఇంటిల్లిపాదీ కాపలా కాసి మరీ కదలనివ్వలేదు. విరిగిన ఎముక అతుక్కుంది, వీపు కుళ్లింది. "మా అన్నని దెబ్బ చంపలేదు, పరుపు చంపింది," అనేది. ఆ మాట అన్నప్పుడల్లా ఆమెకు ఏడుపు రాదు, ఒళ్లు మండుతుంది.

ఆ వారం నాలుగో మంచం మీద ఒక లారీ డ్రైవరున్నాడు. ఊపిరితిత్తుల్లో చీము, నోట్లో గొట్టం, భారీ మనిషి. బయట బెంచీ మీద అతని భార్య. "వీపు సంగతి నాకొదిలెయ్ చెల్లీ," అని ఆవిడకు మాటిచ్చింది రెండుగంటలమ్మ.

తనిఖీకి ముందురోజు హెడ్ సిస్టర్ ఆమెను కిటికీ అద్దాలు తుడవమని పంపింది. తిప్పడం తాము చూసుకుంటామంది. చూసుకోవాల్సినవాళ్లంతా ఫైళ్లు సర్దుతూ కూర్చున్నారు. పైన పటారం, లోన లొటారం! నాలుగింటికి ఆమె తిరిగొచ్చి డ్రైవర్ని పక్కకు తిప్పితే నడుము కింద అరచేయంత మచ్చ. నొక్కింది. తెల్లబడలేదు. మంచానికి వేలాడే కాగితంలో పది, పన్నెండు, రెండు, ఈ మూడు వేళల గళ్లూ ఖాళీ.

"టిక్కులు పెట్టెయ్. ఎవరు చూడొచ్చారు?" అంది హెడ్ సిస్టర్.

"తిప్పని మనిషిని తిప్పానని ఎలా పెడతానండీ? కాగితం ఒప్పుకుంటుంది, వీపు ఒప్పుకోదు."

"నెలాఖరుకి నీ కాంట్రాక్టు అయిపోతోంది, గుర్తుందా?"

"నాకెందుకు గుర్తుండదు? మీకా మచ్చ గుర్తుంటే చాలు."

మర్నాడు తనిఖీ అధికారి తళతళలాడే అద్దాలు చూసి ముచ్చటపడ్డాడు. నాలుగో మంచం దగ్గర మాత్రం ఆగాడు.

"ఈ మూడు గళ్లూ ఖాళీగా ఉన్నాయేం? ఆ టైములో ఏం చేస్తున్నారు?"

హెడ్ సిస్టర్ చేతిలో ఫైలు తిరగేసింది.

"మీరొస్తున్నారని అద్దాలు తుడుస్తున్నాను సార్," అంది రెండుగంటలమ్మ. "బాగా మెరుస్తున్నాయి కదండీ? ఇప్పుడిటు రండి, ఈయన వీపు కూడా చూద్దురుగాని."

చూడక తప్పలేదు. ముఖం గంటు పెట్టుకుని ఏదో రాసుకుని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత నాలుగో మంచం కాగితంలో ఒక్క గడీ ఖాళీ పోలేదు. మూడో రోజు ఆర్డరొచ్చింది. కాంట్రాక్టు పొడిగించారు గానీ, ఒకటో తారీఖు నుంచి ఆమె డ్యూటీ దుప్పట్లు ఉతికే గదిలో. హెడ్ సిస్టరే తెచ్చి ఇచ్చింది, ముఖం చెల్లకపోయినా.

"పైవాళ్లకి చెప్పి చూశాను. వినలేదు."

పద్దెనిమిదేళ్లు! రెండుగంటలమ్మ ఆర్డరు మడిచి జేబులో కుక్కి, గడియారం చూసి నాలుగో మంచం దగ్గరకు నడిచింది.

"ఒకటో తారీఖుకి ఇంకా నాలుగు రోజులుంది. ఇప్పుడు రెండయింది. ఈయన కిందున్న దుప్పటి అటు చివర పట్టుకోండి సిస్టర్."

హెడ్ సిస్టర్ తటపటాయించి పట్టుకుంది.

"ఈడ్చకండి, ఎత్తండి. ఈడిస్తే చర్మం ఊడొస్తుంది."

భారీ మనిషి ఒత్తిగిల్లాడు. రెండుగంటలమ్మ మచ్చ మీద వేలు పెట్టబోయి ఆగింది.

"మీరు నొక్కండి. నాలుగు రోజులు పోతే నొక్కాల్సింది మీరేగా."

హెడ్ సిస్టర్ నొక్కి వేలు తీసింది. మచ్చ మధ్య తెల్లగా వేలిముద్ర పడి, మెల్లగా మళ్లీ ఎర్రబడింది.

"అదీ! ఇప్పుడు పెట్టండి టిక్కు," అంది రెండుగంటలమ్మ.