అర్జునుడి పేర్లు, మా మేడం

ఆ ఉదయం హాస్టల్ డాబా మీద తీగకు తడి తువ్వాలు ఒకటి వేలాడుతూనే ఉంది. మబ్బు పట్టిన రోజుల్లో అలా కనిపిస్తే, దాన్ని తీయమని కింది మెట్ల దగ్గర నుంచే కేక వినిపించేది. ఆ రోజు వినిపించలేదు. మా వార్డెన్ మేడం రాత్రి ఆసుపత్రిలో గుండె ఆగి పోయారని మెస్సులో టీ పోసే అక్క చెప్పింది. అప్పటికే మట్మారికి, వాళ్ల ఊరికి, తీసుకెళ్లారట. సాయంత్రం దహనం.

మా వ్యవసాయ కళాశాలలో మేడం నేలల గురించి పాఠం కూడా చెప్పేవారు. రాయచూరు ఎండను లెక్కచేసేవారు కాదు. ఎండాకాలం చివర వచ్చే గాలివానలంటే మాత్రం బెదురు, ఆ బెదురును దాచుకునేవారూ కాదు. మా క్యాంపస్ అంతా బయలు, పొలాలు, అక్కడొకటి ఇక్కడొకటి వేపచెట్లు. ఆకాశం నల్లబడితే చాలు, చార్జర్లు పీకించేవారు, బయటికి రమ్మని స్నానాల గదుల తలుపులు తట్టేవారు. కిటికీ ఊచలు పట్టుకుని వాన చూసే నన్ను, "ఏయ్ పుస్తకాల పిల్లా, ఆ ఇనుము ఇడ్వు ముందు" అనేవారు.

ఉరిమితే అర్జునుడి పది పేర్లు చదవడం మా వైపు అలవాటు. మొదటి ఏడాది ఒకరోజు మైదానంలో ఉండగా మెరిసింది. మా వాళ్లు వేపచెట్టు కింద గుంపుగా నిలబడి "అర్జునా, ఫల్గుణా" అందుకున్నారు. మేడం వరండాలోంచి అరిచారు: "ఆయనొస్తడని నిలబడ్డరా ఏంది? ఆయనకు వేరే పనుంది! ఉరకండ్రి లోపలికి!"

ఆ రోజు చెట్టుకు ఏమీ కాలేదు. మర్నాడు ఒకమ్మాయి ఎగతాళిగా అంది: "చెట్టు మంచిగనే ఉంది గద మేడం."

"ఉండనీ. చెట్టును పిలిచిన్నా? మిమ్మల్ని పిలిచిన."

తర్వాత ఆ పేర్లతోనే మాకు దూరం కొలవడం నేర్పారు. మెరిసిన వెంటనే మొదలుపెట్టి నిదానంగా మూడుసార్లు చదవాలి. అవి పూర్తికాకముందే ఉరిమితే పిడుగు మనదాకా రాగలదు. చివరి ఉరుము తర్వాత కూడా అరగంట గడప దాటకూడదు.

నేను కాన్వెంటులో చదివాను. "నాకా పేర్లు రావు మేడం" అన్నాను.

"మరేమొస్తది?"

"పరలోక ప్రార్థన."

"అదే చదువు బిడ్డా, మెల్లగ. దేవుడు వింటడని గాదు, ఎంత దూరముందో తెలవాలె."

నా ప్రార్థన ఒక్కసారి నెమ్మదిగా చదివితే వాళ్ల మూడుసార్లకు సరిపోయింది. ఆ రోజు ఎవరూ నన్ను చూసి నవ్వకుండా మేడం చూశారు. అందుకు నేనెప్పుడూ ఆమెకు కృతజ్ఞతలు చెప్పలేదు.

మట్మారిలో మేడం దహనం జరగాల్సిన ఆ సాయంత్రమే యరమరస్ ఊరి వైపు మబ్బు లేచింది. నేను హాస్టల్ మెట్లు దిగుతున్నాను. ఎదురుగా మైదానంలో పక్క హాస్టల్ కొత్త పిల్లలు వాలీబాల్ ఆడుతున్నారు. మెరిసింది. నా పెదవులు వాటంతటవే కదిలాయి. ప్రార్థన సగం కాకముందే ఉరిమింది. పిల్లలు బంతి పట్టుకుని వేపచెట్టు వైపు నడిచారు.

నేను తరగతిలో హాజరు పలికితేనే వినబడలేదని రెండోసారి అడుగుతారు. పిల్లల్ని పిలిచిన మొదటి పిలుపు నాకే వినిపించలేదు. మళ్లీ గొంతు చించుకుని అరిచాను: "చెట్టు కిందికి కాదు! ఇటు, లోపలికి రాండ్రి!"

వచ్చారు, సణుగుతూ. "కొత్త వార్డెనా అక్కా నువ్వు?" అని నవ్విందొకతి. ఆ పిల్లకు సంగతి తెలియదు. నేను తలుపు వేసి గడియ పెట్టాను.

ఉరిమినప్పుడల్లా అరగంట మళ్లీ మొదటికి వచ్చింది.

"ఇంక పోవచ్చా అక్కా?"

"ఇంకా కాదు."

నేను ఎక్కవలసిన మట్మారి బస్సు ఆలోపే గేటు దాటి వెళ్లిపోయింది.