ఇద్దరికే తెలిసిన భాష

మా అవ్వ నరసక్క ఆ పది రోజులూ ఒకే మాట అంది. "లిమిరె కోబా." కుడివైపు పడిపోయి, మూతి వంకరపోయి, హిందూపురం ఆసుపత్రి మంచం మీద ఉంది. నీళ్లు తాగించినా అదే మాట, పేరు పెట్టి పిలిచినా అదే మాట. తెలుగు కాదు, కన్నడం కాదు. అదేమిటో తేల్చాల్సిన పని నా మీద పడింది. ఇంట్లో భాషాశాస్త్రం చదివింది నేనొక్కదాన్నే మరి.

నా ఉద్యోగం గురించి ఎన్నిసార్లు చెప్పినా అవ్వ నవ్వేది. బెంగళూరులో గేములు చేసే ఒక కంపెనీకి, లేని లోకాల్లో ఉండే లేని మనుషుల కోసం భాషలు కల్పిస్తాను. పోయినేడు చేసిన దానికి పన్నెండు వందల మాటలు, ఏడు విభక్తులు, సొంత లిపి. "దాంట్లో ఎవురు మాట్లాడతారే కీర్తనా?" అని అడిగింది. ఎవరూ మాట్లాడరన్నాను. "మాట్లాడేవోళ్లు లేకుంటే మాటలెందుకు, పనిలేక" అంది. నాకు ఒళ్లు మండింది. బడి మొహం చూడని మనిషి నాకు చెప్పడమా అనిపించింది.

ఆరేళ్లకే గొర్రెల వెనక నడిచిన మనిషి ఆమె. రొద్దం చేలగట్ల నుంచి పెనుకొండ కొండ దాకా తిరిగింది. నలభై గొర్రెలున్నా ఏది ఏదో మొహం చూసి చెప్పేది. చిన్న వయసులోనే మొగుడు పోతే ఆ మందతోనే మా నాయన దేవేంద్రను చదివించింది. కోపమొస్తే తెలుగూ కన్నడమూ కలిపి తిట్టేది. అంత నోరున్న మనిషికి రెండు ముక్కలే మిగలడం నేను చూడలేకపోయాను.

డాక్టరు దాచకుండా చెప్పారు. మన మాటలు ఆమెకు అర్థమవుతుంటే, మాట తిరిగి నేర్పించే వైద్యానికి బెంగళూరు పంపవచ్చు. అర్థం కాకపోతే ఇంటికి తీసుకెళ్లి చూసుకోవడమే మేలు. చెయ్యి ఎత్తమంటే అవ్వ ఒకసారి ఎత్తింది, మూడుసార్లు ఎత్తలేదు. ఆయనకూ అంతుపట్టలేదు. ఆ మాటకు అర్థముందో లేదో తేల్చమని అందరూ నావైపు చూశారు.

నేను ఆ మాటను ఫోనులో నలభై సార్లు రికార్డు చేసి, పుస్తకాలు తిరగేసి నాయనకు చెప్పాను. "పక్షవాతమొచ్చినోళ్లకు ఒక్కోసారి ఒకే శబ్దం నోట్లో ఇరుక్కుంటాది నాయనా. దానికి అర్థం ఉండదు." చెప్పానే కానీ నాకే నమ్మకం కుదరలేదు. ఒకవేళ నేను చెప్పింది తప్పయితే?

"అట్లయితే రేపు ఇంటికి తోలుకపోదాం" అన్నాడు నాయన, మంచం పక్కనే నిలబడి. "ఈడ ఊరికే బాధపెట్టేదెందుకు. ఉన్నన్ని దినాలు ఉంటాది."

అవ్వ మళ్లీ అదే మాట అంటూ ఎడమ చేత్తో నా చున్నీ పట్టుకుంది. నేను మెల్లగా ఆ వేళ్లు విడిపించాను.

మర్నాడు బట్టలు సర్దుతుంటే అవ్వ చెల్లెలు మునెమ్మ వచ్చింది. మోకాళ్ల నొప్పులతో కనగానపల్లి నుంచి బస్సులు మారి ఇన్నాళ్లకు రాగలిగింది. అక్క నోట ఆ మాట వినగానే చేతిలో సంచి కింద పెట్టేసింది.

"దేవేంద్రా, ఈ మాట ఎన్ని దినాలనుంచి అంటాండాది?"

"పది దినాలు, చిన్నమ్మా."

"మీరు ఈమె ముందర ఏం మాట్లాడినారు?"

"ఇంటికి తోలుకపోదామంటిమి" అన్నాడు నాయన.

మునెమ్మవ్వ మంచం మీద కూర్చుని చెప్పింది. "గొర్రెను అమ్మాలన్నా, జాతరలో కొయ్యాలన్నా దాని ముందర ఆ మాట అనగూడదు. ఇనిందంటే మేత మానేస్తాదని మా నాయన చెప్పేవోడు. పెద్దోళ్లు దూరం పొయ్యి మాట్లాడుకునేవోళ్లు. మేం మందను ఇడ్సి యాడికి పోతాం? అందుకే అక్కా నేనూ మాటలు చేసుకుంటిమి. యాభై అరవై ఉంటాయి. నేను సగం మర్సిపోతి."

"లిమిరె కోబా అంటే ఏందవ్వా?"

"గొర్రె ఇనింది, అని."

పది రోజులుగా మేము ఆ మంచం పక్కన ఖర్చు గురించి, పాడె గురించి, ఎవరెవరికి కబురు చేయాలన్న దాని గురించి మాట్లాడుకున్నాం. అన్నీ విని, విన్నానని చెప్పింది. చదువుకున్నదాన్ని, అర్థం లేదని తేల్చాను.

అవ్వ చెయ్యి పట్టుకున్నాను. "ఇంటికి తోలుకపోంలే అవ్వా. బెంగళూరుకు పోతాం, నీకు మాటొస్తాది." అవ్వ మొహం గోడ వైపు తిప్పేసింది.

"తెలుగులో చెప్తే నమ్మదు పాపా" అంది మునెమ్మవ్వ. "గొర్రెకూ అట్లే చెప్తాంటిమి, యాడికీ పోవులే, తిను అని."

"అట్లయితే మీ బాసలోనే చెప్పు. ఈ గొర్రెను పంపం అని చెప్పు, చాలు."

మునెమ్మవ్వ గుర్తున్న మాటలన్నీ వేళ్ల మీద లెక్కపెట్టుకుంది.

"ఆ మాట మా బాసలో లేదు పాపా. మేం వద్దంటే ఆగిన గొర్రె ఒకటీ లేదు."