జడకోపులో చివరి తాడు

దయ్యం కథ మొదలైతే అక్కడి నుంచి లేచిపోయే మనిషిని నేను. ఇప్పటికీ అంతే. ఇది మాత్రం నాకే జరిగింది కాబట్టి చెబుతున్నాను.

తెల్లదొరల కాలం. మా మార్కాపురం అప్పుడు కర్నూలు జిల్లాలో ఉండేది. నాయన ఊరూరా తిరిగి కోలాటం నేర్పేవాడు. ఆయన పోయాక ఆ పని నా నెత్తిన పడింది. నేర్చుకున్నవాళ్లు అడుగు తప్పితే పోయేది గురువు పరువే. ఆట రోజున నాకు ముద్ద దిగేది కాదు. నాయన ఉన్నన్నాళ్లూ తిట్టి మరీ తినిపించేవాడు. ఆయనది ఎడమచేతి వాటం. అమ్మ ఎంత కసురుకున్నా ఆ చేత్తోనే కలిపి పెట్టేవాడు.

ఆయన పోయిన ఏడే త్రిపురాంతకం దారిలోని ఒక పల్లెలో తిరునాళ్లకు జడకోపు పెట్టాను. పందిరి నడుమ నుంచి వేలాడే తాళ్లు తలా ఒకటి పట్టుకుని, జోడీలుగా ఎదురెదురు తిరుగుతూ జడ అల్లాలి, మళ్లీ విప్పాలి. ఒక్క మనిషి తగ్గినా జడ చిక్కుపడుతుంది.

సరిగ్గా ఆ సాయంత్రమే ఒకడికి కాలు బెణికింది. వాడి జోడీని కూడా కూర్చోబెడితే సరిపోయేది. కానీ ఆ జోడీ ఎవరనుకున్నారు? ఆ ఊరి పెద్దరెడ్డి కొడుకు! తప్పుకోమనడానికి నాకు నోరు పెగల్లేదు. ఈ ఆట చెడితే మళ్లీ చేతిలోని ఈ తాళాలు ముట్టనని మనసులో ఒట్టు పెట్టుకున్నాను. ఇంతలో పెద్దరెడ్డి "ఇంగ కానీయప్పా" అన్నాడు.

గురువు కన్ను మనుషుల మీద కాదు, జడ మీద ఉండాలని నాయన మాట. తలెత్తి పాట అందుకున్నాను. జడ బిగువుగా కిందికి దిగింది. అంత చక్కటి జడ నేనెన్నడూ అల్లించలేదు. విప్పితే ఒక్క చిక్కు లేదు. జనం ఈలలు వేస్తుంటే, ఒక మనిషి తక్కువతో ఇదెలా కుదిరిందా అని తాళ్ల వంక చూశాను.

పెద్దరెడ్డి కొడుకు చెమట తుడుచుకుంటూ వచ్చాడు. ఆ ఊరివాళ్లెవరూ మా నాయనను చూసి ఎరగరు.

"నాకు జోడీగా ఆడిన ఎడంచేతి తాత యాడికి పోయినాడన్నా? ముందు నీకు అన్నం పెట్టమన్నాడు. పొద్దున్నుంచి ఏమీ తినలేదంట గదా!"

తినలేదని నేనెవరికీ చెప్పలేదు. మిగతావాళ్లను అడిగితే, ఆ ముసలాయన నా మనిషే అనుకున్నామన్నారు.

రెడ్డిగారింట్లో విస్తరి ముందు కూర్చుని ఏడుస్తూనే తిన్నాను. ఆ తాడు ఎవరు పట్టారో నాకు నేటికీ అంతుపట్టలేదు. ఆట రోజున మాత్రం కడుపునిండా తినందే తాళాలు ముట్టను.