నోటుబుక్కు తెచ్చిన కోడికూర

నేను ఇంజనీరింగు విద్యార్థిని. నిరుడు వేసవి సెలవుల్లో సిద్దిపేట నుంచి సైకిలు యాత్రకు బయలుదేరాను. దారిలోని వాగులు, గుట్టలు, మైళ్ళు వరుసగా నోటుబుక్కులో రాసుకుంటూ కోహెడ దాటి, అడవిలో ఒక ఊరు చేరాను. నా టోపీ, నోటుబుక్కు చూసి పటేలు నన్ను సర్వే అధికారి అనుకున్నాడు. అధికారి దిగితే ఎవరిదో కోడి తెగుతుందని తెలిసినా, ఆకలిగా ఉండి కాదనలేదు. కడుపునిండా తిన్నాను.

చెయ్యి కడుక్కుంటుంటే ఒక ముసలమ్మ వచ్చింది.

"దొరా, పొదిగే కోడిని గుంజుకొచ్చిన్రు. పన్నెండు గుడ్లు! ఇగ గవన్ని మురిగిపోవుడేనా?"

"అధికారి ముందల నోరు లేస్తుందా? నడువ్!" అని పటేలు కసిరాడు.

నేను అధికారిని కానని అప్పుడు చెప్పాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "మరెందుకు తిన్నవ్ బిడ్డా?"

ఊరి బయట వాగు ఒడ్డున కక్కేశాను. కూర పోయింది గాని, నా మీద నాకు పుట్టిన రోత ఇంకా పోలేదు.