మా అన్న లోపలి స్ప్రింగు, చాయ్ బెంచీ వైద్యులు

మా అన్న ఒంటిని డాక్టరే పాడుచేశాడని ఇబ్రహీంపట్నం డిపో ఎదురుగా చాయ్ బెంచీ మీద ఇప్పటికీ చెప్పుకుంటున్నారు. అది అబద్ధం. ఆ నోళ్లతో వాదించే ఓపిక లేక రాసిపెడుతున్నాను.

సాగర్ రోడ్డు పొడుగునా చేలన్నీ వెంచర్లవుతున్న రోజులవి. ప్లాట్లు చూపించే మా అన్నకు ప్రోస్టేట్ గ్రంథి ఉబ్బి మూత్రం ఆగిపోయింది. పట్నం దవాఖానలో మూత్రం దారి మూసుకోకుండా లోపల లోహపు స్ప్రింగు పెట్టి, మూడు నెలలకు వచ్చి చూపించుకోమన్నారు. ధార సాఫీగా వస్తుంటే ఆ మాట ఎవరికి గుర్తుంటుంది?

"పెట్టినంక మళ్ల చూపెట్టుడేందే? రిజిస్ట్రేషనైన ప్లాటుకు మళ్ల సర్వే చేపిస్తవా?" అన్నాడు బెంచీ మీది పెద్దమనిషి. అందరూ నవ్వారు.

నేను బడి మానేసి లైబ్రరీలో చదువుకున్నవాణ్ణి, ఊరుకుంటానా? విరిగిన కాలిలో వేసే రాడ్డును ఒళ్లు తనలో కలుపుకుంటుందని చదివి ఉన్నాను. "చుట్టూ మాంసం పట్టుకుంటదన్నా, ఫికర్ లేదు" అన్నాను. ఆ కూతలన్నిట్లో అన్న నమ్మింది నా కూతనే.

తర్వాత లైబ్రరీ నుంచి ఇంటికి తెచ్చుకున్న ఓ లావు పుస్తకం తెరిస్తే తెలిసింది. మూత్రం దారి ఎముక కాదు. స్ప్రింగు సందుల్లోంచి మాంసం పెరిగి దారి మూసేయొచ్చు. మాంసం కప్పని కొనకు మూత్రంలోని లవణాలు పట్టి రాయి కట్టొచ్చు. బోరు నీళ్లకు తెల్లగా పెచ్చుకట్టిన హీటర్ రాడ్డు వదిననడిగి తీసుకుని అన్న ముందు పెట్టాను.

"లోపల గిట్లనే అయితది. రేపే పోదాం."

"నేను మనిషినా, బకెట్‌నా? మొన్న ఒకటంటివి, ఇయ్యాల ఒకటంటివి. నీకన్నా బెంచీ మీదోళ్లే నయం, ఒక్క మాట మీదుంటరు."

ఏడాది తిరక్కుండానే మూత్రంలో నెత్తురు పడింది, ధార ఆగింది. డాక్టరు రాయిని పొడి చేసి, పెరిగిన మాంసం తొలగించి, స్ప్రింగును ముక్కలుగా లాగాడు. అన్న నెలరోజులు పైపుతో, సంచితో మంచం మీదున్నాడు. తనంతట తనకు మళ్లీ మూత్రం వస్తుందో రాదో డాక్టరూ చెప్పలేకపోయాడు. బెంచీ నుంచి ఒక్కడూ తొంగిచూడలేదు.

పైపు తీసిన రోజు బాత్‌రూం తలుపు బయట నిలబడ్డాను. చాలాసేపటికి లోపలినుంచి అరుపు: "తమ్మీ, వస్తున్నదిరా!"

లావు పుస్తకాన్ని ఇంటికివ్వకూడదని తెలిసీ ఇచ్చిన లైబ్రరీ సారుకు, రాడ్డిచ్చిన వదినకు, మమ్మల్ని ఒక్క మాట అనకుండా పనిచేసిన డాక్టరుకు నా కృతజ్ఞతలు. బెంచీ పెద్దలకు కూడా. తెలియని సంగతి ధీమాగా చెప్పడంలో నన్నూ తమవాణ్ణి చేసుకున్నారు. అక్కడి నా చోటు ఖాళీ చేశాను, కాళ్లు చాపుకోవచ్చు.