ఆఖరి బోండాం

మా అటాఫు దీవి ఇయోసెఫో సగం సముద్రం తాగేసినవాడు. ఆయన తాగిన ఏడాది మాకు పోటు కూడా సరిగ్గా రాలేదు. అప్పుడే సముద్రం మధ్యలో ఇంజను చెడి, బావమరిది లెపాయోతో ఇరవై ఎనిమిది రోజులు పడవలో కొట్టుకుపోయాడు. మిగిలిన ఒక్క కొబ్బరి బోండాన్నీ పొద్దున్నే చెరిసగం తాగుదామని ఒప్పుకున్నారు. ఇయోసెఫో కునుకు తీసి లేచేసరికి ఖాళీ డొప్ప దొర్లుతోంది.

"దాహమేసింది బావా."

"నేనేమన్నా విందు తిని పడుకున్నానట్రా?"

మర్నాడే ఓ ఓడ వాళ్ళను ఎక్కించుకుంది.

ఊరంతా కలిసి పట్టిన చేపలన్నీ ఇంటింటికీ సమానంగా పంచేది ఇప్పటికీ ఇయోసెఫోనే. లెపాయో ఇంటి కుప్పలో ఒక్కటీ తగ్గించడు. అంత గొప్ప మనసుతో క్షమించేశాడని రేవులో నేను పొగుడుతుంటే, ఆయన చేపల మీంచి తలెత్తకుండానే అన్నాడు:

"క్షమించలేదు. వాడింట్లో పిల్లలున్నారు. వాడితో మళ్ళీ పడవ ఎక్కను."